అడవిలోని ఆ గూడును ఎందుకు కూల్చారు?

సంపాదకులకు నమస్కారాలు.

కొద్ది వారాల క్రితం అడవిలో కాలిబాట వెంట నడుస్తుండగా, పొదల వెనక ఎవరో చేతులతో కట్టిన గుండ్రని గూడు ఒకటి నా కంటపడింది. ఏడు గుంజలు వలయంగా పాతి, వాటి మధ్య సన్నని కొమ్మలను తడికలా అల్లి, పైన దుంగలకు గాడి తీసి ఒకదానిలో ఒకటి కూర్చారు. ఎక్కడా మేకు లేదు. బిగించవలసిన చోటల్లా అడవితీగే చుట్టారు. లోపల నిప్పు రాజేసిన జాడ గానీ, మనిషి పడుకున్న ఆనవాలు గానీ లేవు.

అలాంటి కట్టడాన్ని ముట్టుకోకుండానే ఎంతో తెలుసుకోవచ్చు. కోసిన ముఖం చదునుగా, సన్నని గీతలతో ఉంటే అది రంపం పని. ఏటవాలు చెక్కులుగా ఉంటే గొడ్డలి పని. కోత తెల్లగా ఉంటే ఈమధ్య కొట్టినది. నల్లబడి, బెరడు వదులై, చెదమట్టి ఎక్కి ఉంటే పాతబడినది. నేను చూసినవి గొడ్డలి వేట్లు, అవీ నల్లబడినవే. తీగముడులు మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నాయి. అంటే ఎవరో మళ్లీ మళ్లీ వచ్చి దానిని బాగుచేసుకుంటున్నారు. ఈ సంగతి గ్రహించాక అక్కడి నుంచి కదలడానికి నాకు చాలాసేపు మనసొప్పలేదు.

పది రోజుల తర్వాత వెళ్లేసరికి అది నేలమట్టమై ఉంది. గాలివానకు కూలినది కాదు. గుంజలను పెరికి దూరంగా విసిరేశారు, అల్లికను తొక్కి విరిచారు.

గాడి తీసి దుంగలు కూర్చడం మనిషికి ఎంత పాత విద్యో చెప్పాలి. జాంబియాలోని కలాంబో జలపాతం దగ్గర తవ్వకాల్లో అలా కూర్చిన రెండు దుంగలు దొరికాయి. అవి కనీసం 4,76,000 ఏళ్లనాటివని పరిశోధకులు 2023లో వెల్లడించారు. మన మానవజాతి (హోమో సేపియన్స్) పుట్టకముందే ఎవరో చేసిన ఆ పని, నీరు నిలిచిన మట్టిలో కుళ్లకుండా ఉండిపోబట్టే మనకు దక్కింది. మన దేశంలోనే, రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ చండీగఢ్‌లో ఒక అటవీ ప్రాంతంలో 1957 నుంచి పగిలిన పింగాణీతో, రాళ్లతో, పారేసిన వస్తువులతో రహస్యంగా బొమ్మలు నిలిపారు. 1975లో అది అధికారుల కంటపడినప్పుడు, అనుమతి లేని కట్టడం కనుక కూల్చివేత ముప్పు ఏర్పడింది. ప్రజలు అండగా నిలవడంతో అదే రాక్ గార్డెన్‌గా 1976లో సందర్శకులకు తెరుచుకుంది.

కనబడిన ప్రతిదీ అలాగే ఉండాలని నేననను. ఉచ్చుల తీగలు కనిపించినా, వేటగాళ్లు పొంచి ఉండే మాటులా తోచినా వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి. అప్పుడు కూడా మనంతట మనం పీకకూడదు, ఎందుకంటే అక్కడున్నదే ఆధారం. మిగిలిన సందర్భాల్లో దూరం నుంచి చూసి, ఫొటో తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి రావడం చాలు. ఫొటోను నలుగురికీ పంపేటప్పుడు ఆ చోటు గుర్తులు మాత్రం చెప్పవద్దని పాఠకులను వేడుకుంటున్నాను. ఆ గూడు ఫొటోను దారి గుర్తులతో సహా తెలిసినవారికి పంపింది నేనే. దాని వల్లనే అది కూలిందేమోనన్న బాధ నన్ను వదలడం లేదు.

విరిగిన గుంజలను నేను కదపలేదు. వాటిని కట్టినవారు ఈ ఉత్తరం చదివితే, గొడ్డలి వేటు నుంచి తీగముడి దాకా వారి పనితనాన్ని ఒకరు శ్రద్ధగా చూశారని వారికి తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు