లాటిన్ పుట్టింది అమెరికాలో కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పదిహేను రోజుల కిందట మీ పిల్లల పేజీలో, లాటిన్ అమెరికాలో పుట్టినందువల్లే లాటిన్ భాషకు ఆ పేరు వచ్చిందని పెట్టె కట్టి మరీ వేశారు. మరునాడైనా సవరణ వస్తుందని చూశాను. ఇంతవరకు రాలేదు.

మధ్య ఇటలీలో టైబర్ నదికి దక్షిణాన, ఆల్బన్ కొండల చుట్టూ ఉన్న సీమను పూర్వం లాటియం అనేవారు. అక్కడి జనం లాటిన్లు, వాళ్ల మాట లాటిన్. ఆ సీమలోని ఊళ్లలో రోమ్ ఒకటి. క్రీ.పూ. 338లో తక్కిన లాటిన్ పట్టణాలను ఓడించి, వాటి కూటమిని రోమ్ రద్దు చేసింది. అయినా భాషకు గెలిచిన నగరం పేరు కాక సీమ పేరే నిలిచింది. నేటి ఇటలీలో ఆ సీమే లాజియో.

లాటియం అన్న పేరు చదునైన నేల అనే అర్థంలో వచ్చి ఉంటుందని భాషావేత్తలు పలువురు భావిస్తారు. రోమన్ల దేవుడు జూపిటర్‌కు వెరచి అతని తండ్రి సాటర్న్ అక్కడ దాక్కున్నాడు కనుక, దాగడమనే అర్థమున్న ‘లాటెరె’ నుంచి ఆ పేరు పుట్టిందని రోమన్ కవి వర్జిల్ తన ‘ఈనీడ్’ కావ్యంలో చెప్పాడు. మనం తెలుగును త్రిలింగ శబ్దంతో ముడిపెట్టి మూడు శైవక్షేత్రాల కథ చెప్పుకున్నట్టే అదీ ఒక స్థలపురాణం. మీరు ఆ కథ వేసినా పిల్లలు ఆనందంగా చదివేవారు.

ఇక ‘లాటిన్ అమెరికా’ అన్న పేరు 1850లలో వాడుకకెక్కింది. లాటిన్ నుంచి పుట్టిన స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి భాషలు మాట్లాడే దేశాలు గనుక అలా పిలిచారు. అప్పటికే లాటిన్ వయసు రెండు వేల ఏళ్లు దాటింది. బిడ్డ పేరు తల్లికి పెడతారా?

మా మనవరాలు బడిలో ‘ఇటలీ’ అని సరైన జవాబే రాసింది. టీచరు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ‘అమెరికా’ అని దిద్దారు. ఇదేమిటని నేను వెళ్లి అడిగితే మీ పేపరు ముక్క చూపించి, ‘పేపర్లో వచ్చింది కదండీ’ అన్నారు. అచ్చులో వచ్చినదాన్ని ఇంకా నమ్మేవాళ్లున్నారు, ఆ నమ్మకాన్ని మీరు ఇలా వాడుకోవడం అన్యాయం. ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫులు దిద్దేవారు సందేహమొస్తే నిఘంటువు తీసేవారు. మందుల చీటీ మీద రోజుకు రెండుసార్లు, మూడుసార్లు అని చెప్పే ‘బీడీ’, ‘టీడీఎస్’ మొదలు కోర్టులో వేసే అఫిడవిట్ దాకా లాటిన్ మన ఇళ్లలోనే తిరుగుతుంటే, దాని పుట్టుక ఎక్కడో ఒక్కసారి చూసుకోవడానికి మీకు తీరిక లేకపోయిందా?

సవరణను ఏ మూలనో చిన్న అక్షరాల్లో కాక, ఆ పిల్లల పేజీలోనే, అంతే పెట్టెలో వేయండి. మా మనవరాలు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకోవడానికి ఎదురుచూస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి