కాలు కోలుకునేదాకా వంజంగి వద్దు, కెమెరా మాత్రం బయటికి తీయండి

సంపాదకులకు నమస్కారం.

మన్యంలో మంచు దిగగానే విశాఖ ఫొటోగ్రాఫర్లంతా మేఘాల సముద్రం కనిపించే వంజంగి కొండకో, లంబసింగికో దారి పడతారు. కాలు విరిగో, మోకాలి లిగమెంట్ తెగో కోలుకుంటున్నవాళ్లు కొందరు సీజన్ దాటిపోతుందని వాళ్లతోపాటే కొండెక్కేస్తున్నారు. కొందరు కెమెరా బీరువాలోంచి తీయడమే మానేశారు. రెండూ అనవసరం.

వంజంగిలో అసలు చిక్కు దిగడంలో ఉంది. దిగుడులో మోకాలి మీద భారం బాగా పెరుగుతుంది, పైగా మంచుకు తడిసిన మట్టి జారుతుంది. ఎగుడుదిగుడు నేల మీద నడవొచ్చని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా బండి ఆగేచోటే దృశ్యం వెతుక్కోవాలి. అరకు ఘాట్‌లో గాలికొండ వ్యూపాయింట్ రోడ్డు పక్కనే ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే ఆర్కే బీచ్ ఫుట్‌పాత్ చాలు. జూన్‌లో అక్కణ్ణుంచి నైరుతి వైపున్న డాల్ఫిన్స్ నోస్ కొండను తీస్తే ఉదయపు వెలుతురు మన వెనకనుంచి పడి కొండ చదునుగా కనిపిస్తుంది. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయం వైపు జరుగుతాడు కాబట్టి వెలుతురు పక్కనుంచి పడుతుంది, కొండ మడతలు తేలి కనిపిస్తాయి. శీతకాలపు ఫొటో అంటే మేఘాల సముద్రమొక్కటే అనుకోవడం మన అలవాటు, అంతే.

చేతికర్రను దెబ్బ తగలని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. ఇక మిగిలేది ఒక్క చెయ్యి. దాంతో లెన్స్ మార్చడం కుదరదు కనుక 24-105 ఎంఎం లాంటి జూమ్ లెన్స్ ఒక్కటే తీసుకెళ్లి, కెమెరాను అడ్డంగా భుజానికి వేసుకోండి. ట్రైపాడ్‌ను ఊతకర్రలా వాడొద్దు. మనిషి బరువుకు లాక్ జారిందంటే మళ్లీ ఆస్పత్రే.

పొట్టి స్టూల్ మీద కూర్చుంటే మోకాలు ఎక్కువ మడవాలి, లేవడం కష్టం. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులున్న మడత కుర్చీ మేలు. కూర్చుని తీసేటప్పుడు ట్రైపాడ్ కింది సన్నని గొట్టాలు లాగక్కర్లేదు, అందువల్ల అది ఇంకా స్థిరంగా నిలుస్తుంది. కారులోంచే తీయాలనుకుంటే గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి కుట్టి, అద్దం దించి అంచు మీద పెట్టండి. ముప్పాతిక భాగమే నింపాలి. నిండా కూరితే లెన్స్ దొర్లుతుంది. ఇంజిన్ ఆపడం మరవొద్దు, ఆ అదురు ఫొటోలో కనిపిస్తుంది.

తెల్లటి మంచును కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ బూడిదరంగుగా లెక్కగట్టి ఫొటోను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచి, ఫొటోలో వెలుగునీడల పాళ్లు చూపే హిస్టోగ్రామ్ చూసుకోండి. ఆటోఫోకస్ తడబడితే చెట్టు మాను అంచు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి. అదనపు బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఉండాలి, చలికి ఛార్జి త్వరగా పడిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది తిరుగు ప్రయాణం. కొండ చలికి చల్లబడిన లెన్స్‌ను కిందికి వచ్చాక తీస్తే తీరం తేమ గాజు మీద నీటిపొరగా కడుతుంది. అది ఆరిందాకా ఏమీ తీయలేం, తేమ లోపలికి చేరితే బూజు. బ్యాగు జిప్పు వేసే ఉంచి, లోపలి కెమెరా బయటి వేడికి వచ్చేదాకా, కనీసం గంటసేపు ఆగాలి.

పర్యాటక శాఖకు ఒక విన్నపం. గాలికొండ లాంటి రోడ్డు పక్క వ్యూపాయింట్లలో నడుమెత్తు రెయిలింగు, మెట్లు లేని దారి, కుర్చీ ఎత్తులో రెండు సిమెంటు బల్లలు ఏర్పాటు చేయాలి. కర్ర పట్టుకున్నవాళ్లకే కాదు, వృద్ధులకూ అవి కావాలి.

— ఒక ఫొటోగ్రఫీ అభిమాని, విశాఖపట్నం