బ్యాగులో ఉన్నది, ఒంటి మీద ఉన్నది

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన సామాన్ల లిస్టు చూశాను. టెంటు, స్లీపింగ్ బ్యాగు, వాటర్ ఫిల్టరు, బేర్ స్ప్రే, హెడ్‌ల్యాంపు, శాటిలైట్ మెసెంజరు, ఇంకా ఏవేవో. ఇంత డబ్బు పోసి ఇవన్నీ కొనాలా నాన్నా అని అడిగావు. కొనుక్కో. అమ్మ రేట్లు చూసి కాస్త గొణిగింది, ఆ సంగతి నేను చూసుకుంటాను. నేను చెప్పాలనుకున్నది వాటిని ఎక్కడ పెట్టుకోవాలన్న దాని గురించి. ఫోన్లో చెబితే సగం విని ‘సరే నాన్నా’ అనేస్తావు. అందుకే ఉత్తరం.

అమెరికాలో వయోమింగ్‌లో మీరు వెళ్తున్న విండ్ రివర్ కొండల గురించి ఈమధ్య చాలా చదివాను. రిటైరైన ఫారెస్టు వాడికి ఇంకేం పని! రెండు వందల ఏళ్ళ కిందట, నీళ్ళలో ఉండే బీవర్ అనే జంతువు కోసం తిరిగిన ట్రాపర్ల, అంటే ఉచ్చులు పెట్టే వేటగాళ్ళ, అడ్డా అది. బీవర్ ఒంటి మీది మెత్తటి బొచ్చుతో మగవాళ్ళ టోపీలు చేసేవాళ్ళు. ఆ బొచ్చు కోసం 1822లో విలియం ఆష్లీ అనే వ్యాపారి సెయింట్ లూయిస్ పత్రికలో వంద మంది కుర్రాళ్ళు కావాలని ప్రకటన వేయించాడు. 1825 నుంచి ఏటా వేసవిలో అందరూ కొండల్లో ఒకచోట కలిసి, తోళ్ళు అమ్మి, సామాన్లు కొనుక్కునేవాళ్ళు. ఆ సంత చాలాసార్లు మీరు కారు దిగబోయే పైన్‌డేల్ దగ్గర, గ్రీన్ రివర్ ఒడ్డునే జరిగింది. ఆఖరిది 1840లో. అప్పటికి పట్టు టోపీల ఫ్యాషన్ వచ్చింది, బీవర్లూ తరిగిపోయాయి. పైన్‌డేల్‌లో వీళ్ళ మ్యూజియం ఉందట. వీలైతే గంటసేపు ఆగండి.

వీళ్ళలో ఆస్బోర్న్ రస్సెల్ అనే అతను 1834లో కొండల్లోకి వచ్చి తొమ్మిదేళ్ళు ఉన్నాడు. ట్రాపర్ దగ్గర ఏమేం ఉంటాయో డైరీలో రాసిపెట్టాడు. ఒక గుర్రం, జీను, కళ్ళెం. గోనెలో ఆరు ఇనప ఉచ్చులు. ఒక దుప్పటి, అదనంగా ఒక జత తోలు చెప్పులు. తుపాకి మందు పోసుకునే కొమ్ము, గుండ్ల సంచి. నడుము బెల్టుకి ఒక కత్తి, బీవర్‌కి ఎర వేసే మందు ఉన్న చెక్క డబ్బీ, పొగాకు సంచి. ఆ పొగాకు సంచిలోనే నిప్పు చేసుకునే సరంజామా. జీనుకి ఒక్కోసారి చిన్న గొడ్డలి. అంతే. మేజోళ్ళ సంగతి విను: దుప్పటి ముక్కలు చింపి పాదాలకు చుట్టుకుని, పైన తోలు చెప్పులు తొడుక్కునేవాళ్ళు. గొలుసులతో కలిపి ఆరు ఉచ్చుల బరువు పదమూడు కిలోలు దాటుతుంది. నీ బ్యాగు మొత్తం బరువు అటూఇటూగా అంతే. నీ ఇల్లు, పడక, వంటిల్లు అన్నీ ఇమిడిపోయిన బరువు వాళ్ళకు ఉత్త ఉచ్చులకే అయిపోయింది.

ఇది చదివి ‘ఆహా, ఎంత తక్కువతో బతికారు’ అని మురిసిపోకు. తోలు సంచీ ఒకటి భుజాన వేసుకుని అడవిలోకి పోయే వీడియోలు ఈమధ్య తెగ వస్తున్నాయి. నాకు అవి నచ్చవు. ట్రాపర్లేమీ సాదాగా బతకాలని వ్రతం పట్టినవాళ్ళు కాదు. కొత్త వస్తువు ఏదొచ్చినా ఎగబడి కొన్నారు. చెకుముకి తుపాకులు పోయి క్యాప్ తుపాకులు వస్తే వాటికి మారారు. సెయింట్ లూయిస్ ధరకి ఎన్నో రెట్లు పెట్టి, ఏడాది సంపాదనంతా ఆ సంతలోనే తగలేసి అప్పుల్లో పడ్డవాళ్ళు కోకొల్లలు. నీ లైటర్ ఒక్కటి చూపిస్తే ఉన్న తోళ్ళన్నీ నీ ముందు కుప్ప పోసేవాళ్ళు. చలి నీళ్ళలో దిగి ఉచ్చులు పెట్టీ పెట్టీ కీళ్ళు పట్టేసినవాళ్ళు, ఎలుగుబంటి చేతిలో పోయినవాళ్ళు, నీళ్ళు దొరక్క అల్లాడినవాళ్ళు ఎంతోమంది.

నన్ను పట్టుకున్నది ఇంకో విషయం. వాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజు సామాన్లన్నీ పోయాయి. అప్పుడు ఏం మిగిలింది?

జాన్ కోల్టర్ అనే ట్రాపర్‌కి ఏమీ మిగల్లేదు. మిస్సోరి నది పుట్టే చోట బ్లాక్‌ఫీట్ తెగ యోధులు అతన్ని పట్టుకుని, బట్టలు కూడా ఊడదీసి పరిగెత్తమన్నారు. నదిలో దూకి, కొట్టుకొచ్చిన కట్టెల కుప్ప కింద దాక్కుని తప్పించుకున్నాడు. తర్వాత దుంపలు తింటూ రోజుల తరబడి నడిచి కోట చేరాడు. అతనిది అదృష్టం, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

హ్యూ గ్లాస్ కథ వేరు. 1823లో గ్రాండ్ రివర్ దగ్గర పిల్లల తల్లి గ్రిజ్లీ ఎలుగుబంటి అతన్ని చీరేసింది. ఎలాగూ పోతాడని ఇద్దరిని కాపలా పెట్టి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఇద్దరూ భయపడి, అతని తుపాకి, కత్తి, నిప్పు సామాను కూడా పట్టుకుని జారుకున్నారు. వాళ్ళలో కుర్రాడు జిమ్ బ్రిడ్జర్ అంటారు. మీరు వెళ్ళేది బ్రిడ్జర్ వైల్డర్‌నెస్ కదా, ఆ బ్రిడ్జరే! గ్లాస్ పాకుతూ, లేస్తూ మూడు వందల కిలోమీటర్ల పైన పోయి మిస్సోరి ఒడ్డున కోట చేరాడు. అందరూ ఇది చెప్పి ఆపేస్తారు. నాకు ఆ మరుసటి ఏడాది జరిగింది ఇంకా ముఖ్యం. ప్లాట్ నది దగ్గర అరికారా తెగవాళ్ళు మీద పడితే, మళ్ళీ తుపాకీ సామాన్లూ వదిలేసి పారిపోయాడు. కానీ ఈసారి గుండ్ల సంచి నడుముకే ఉంది. అందులో చూసుకుంటే కత్తి, చెకుముకి రాయి, ఉక్కు ముక్క కనిపించాయి. అవి చూసి తనకు పెద్ద ఆస్తి దొరికినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడట. మనిషి అదే, అడవి అదే. ఏ వస్తువు ఎక్కడుందన్నదే తేడా.

ట్రూమన్ ఎవర్ట్స్ ట్రాపర్ కాదు, ప్రభుత్వోద్యోగం చేసినవాడు. 1870లో ఎల్లోస్టోన్ చూడ్డానికి వెళ్ళిన బృందం నుంచి తప్పిపోయాడు. మర్నాడు దారి చూద్దామని గుర్రం దిగి కాస్త అవతలికి వెళ్ళాడు. గుర్రం బెదిరి పరుగెత్తింది. దుప్పట్లు, తుపాకి, గాలాలు, అగ్గిపుల్లలు అన్నీ దానితోపాటే పోయాయి. జేబులో ఉన్నవి రెండు చిన్న కత్తులు, నాటకాలు చూసే చిన్న దుర్భిణి. కత్తులు కూడా పోగొట్టుకున్నాడు. ఆ దుర్భిణి అద్దంతో ఎండ పట్టి నిప్పు చేసుకోవచ్చని కొన్నాళ్ళకి గానీ తట్టలేదు. ఒక ముళ్ళమొక్క దుంపలు తింటూ, వేడినీటి బుగ్గల పక్కన పడుకుంటూ 37 రోజులు బతికి, ఎముకల గూడుగా దొరికాడు.

నీ బ్యాగు గుర్రంలా పారిపోదులే అంటావు. వాగు దాటేటప్పుడు జారి పడితే, కొట్టుకుపోకుండా నడుము బకిల్ విప్పి బ్యాగు వదిలేయమనే చెబుతారు. ఫోటో కోసం బ్యాగు రాయి మీద పెట్టి నాలుగడుగులు వేస్తారు, పొగమంచు కమ్ముతుంది. నల్లమలలో మా చెంచు వాచర్లు అగ్గిపెట్టెని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మొలలో దోపుకునేవాళ్ళు. మేం ఇచ్చిన కిట్ బ్యాగులో పెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు.

కాబట్టి లైటరు, చిన్న కత్తి, ఈల, శాటిలైట్ మెసెంజరు, మడిచిన రేకు దుప్పటి, ఇవి బ్యాగులో కాదు, ఒంటి మీదే ఉండాలి. ప్యాంటు జేబుల్లో, జాకెట్ లోపలి జేబుల్లో. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ వస్తువులకు తడి శత్రువు. చెకుముకి నిప్పురవ్వ పట్టే మాడ్చిన గుడ్డపేలిక తడిస్తే నిప్పు రాజుకోదు. నీ వస్తువులకు చలి శత్రువు. సున్నా దగ్గరికి వచ్చేసరికి లైటర్లోని బ్యూటేన్ గ్యాస్‌గా మారనని మొరాయిస్తుంది. బ్యాటరీలు నీరసపడతాయి. ఫిల్టరు సంగతి మరీ జాగ్రత్త: ఒకసారి వాడాక లోపల తడి గడ్డకడితే సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. నీళ్ళలోని జియార్డియా అనే క్రిమి వల్ల వచ్చే జబ్బుని అక్కడి జనం ‘బీవర్ జ్వరం’ అంటారు, తెలుసుగా. టిట్‌కోంబ్ లోయ దగ్గర మీరు పడుకునేది పదివేల అడుగుల పైన. ఆగస్టు చివర్లో కూడా రాత్రి గడ్డకట్టొచ్చు. ఫిల్టరు, మెసెంజరు, ఫోను స్లీపింగ్ బ్యాగులో నీతోపాటే పడుకోవాలి.

మెసెంజర్లో సాయం కోరే ఎస్ఓఎస్ బటన్ ఉంది కదా అన్న ధీమా వద్దు. దానికి ఆకాశం కనిపించాలి. కనిపించి మెసేజ్ వెళ్ళినా, గాలివానలో హెలికాప్టర్ ఎగరదు. వచ్చేవాళ్ళు నడిచో గుర్రాల మీదో రావాలి. ఆ ఒక్క రాత్రి గడవాల్సింది నీ ఒంటి మీద ఉన్నవాటితోనే. అందుకే కాటన్ బట్టలు, ముఖ్యంగా ఆ జీన్స్, కార్లోనే వదిలెయ్. ఊలు తడిసినా కాస్త వెచ్చదనం ఇస్తుంది. ఆ విషయంలో ట్రాపర్ల దుప్పటి కోటుకీ నీ మెరీనో ఊలు బనియన్‌కీ పెద్ద తేడా లేదు. నీ స్లీపింగ్ బ్యాగులో ఉన్నది బాతు ఈకలైతే తడిసిందంటే దండగ. ప్లాస్టిక్ సంచిలో చుట్టిగానీ బ్యాగులో పెట్టకు.

బేర్ స్ప్రేకి మాత్రం నేను దండం పెడతాను. ట్రాపర్ తుపాకిలో ఒక్కటే గుండు. మళ్ళీ మందు దట్టించడానికి అర నిమిషమైనా పట్టేది, గ్రిజ్లీ అంతసేపు ఆగుతుందా? ఇందులో ఉన్నది మన మిరపకాయ ఘాటే, గుంటూరు పిల్లవి నీకు వేరే చెప్పాలా. నడుముకో, బ్యాగు ముందు పట్టీకో తగిలించుకో, చెయ్యి వెంటనే అందాలి. దాని సేఫ్టీ క్లిప్పు తీయడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకో. దోమల మందులా టెంటు మీద కొట్టేవాళ్ళు కూడా ఉన్నారట! ఆ వాసన ఎలుగుబంట్లను పిలుస్తుంది.

ఇంకో మాట. ట్రాపర్ల లిస్టులో కనిపించని సామాను మనుషులు. 1824లో జెడెడయా స్మిత్ అనే ట్రాపర్ బృందానికి ఆ కొండల దక్షిణపు చివర ఉన్న సౌత్ పాస్ అనే కనుమ దారి చెప్పింది క్రో జాతివాళ్ళు. అడవిదున్న (బైసన్) తోలు పరిచి, దాని మీద ఇసుక కుప్పలు పోసి కొండలుగా పెట్టుకుని, వాళ్ళ సాయంతో దారి తెలుసుకున్నారట. తడిసినా బిగుసుకుపోకుండా తోలుకి పొగ పట్టించడం, ఎండు మాంసం దంచి కొవ్వుతో కలిపి నెలల తరబడి నిలవ ఉండేలా చెయ్యడం, ఇవన్నీ అక్కడి ఆడవాళ్ళ విద్యలు. చాలామంది ట్రాపర్లు ఆ తెగల అమ్మాయిలను పెళ్ళి చేసుకున్నారు. ఆ ఇల్లాళ్ళ చేతి పని లేకపోతే చెప్పుల జత కూడా ఉండేది కాదు. ఇప్పటి సామాను ఎంత బాగుంటుందంటే ఒక్కళ్ళమే పోయినా ఏం కాదనిపిస్తుంది. మీరు ముగ్గురూ ఎక్కడా విడిపోవద్దు. మెసెంజర్ వాడకం ముగ్గురికీ రావాలి, కొన్న నీకొక్కదానికే కాదు.

తిండి గురించి అమ్మ చెప్పమంది: సున్నుండలు పార్సిల్ చేసింది. నెయ్యి గట్టిగానే వేసింది, చలిలో అదే పనికొస్తుంది. రాత్రి మాత్రం టెంట్లో పెట్టుకోకండి, తిండితోపాటు ఎలుగుబంట్లకు అందకుండా దాచాలి.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఏ దారిలో ఎక్కుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ, కారు నంబరు, ఏ రోజు ఎన్నింటికి దిగుతారు, అన్నీ రాసి మీతో రాని మీ రూమ్మేట్‌కి ఇవ్వు. ఆ టైముకి ఆరు గంటలు దాటితే సబ్లెట్ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యమను. మొహమాటపడొద్దని చెప్పు. ఆ కాగితం ఫోటో మాకూ పంపు. దిగాక సిగ్నల్ రాగానే ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు.

మీ నాన్న