బాషాగాడికి, కిరాణా కొట్టు నుంచి

గుంటూరు,
2025 నవంబరు 9, ఆదివారం రాత్రి.

ఒరేయ్ బాషా,

ఎలా ఉన్నావురా? నాసిక్‌లో ఆర్మీ ట్రైనింగు ఎలా సాగుతోంది? ఆదివారం నీ చేతికి ఫోనిచ్చే ఆ కాసేపూ మీ అమ్మీతో మాట్లాడుకోవడానికే చాలదు. మధ్యలో నేను దూరడమెందుకని ఇలా ఉత్తరం మొదలుపెట్టా. లీవ్ లెటర్లు తప్ప ఇంకో ఉత్తరం రాసిన పాపాన పోలేదు నేను, కాబట్టి దస్తూరీ సంగతి ఎత్తకు. కాగితం కూడా కొట్టుదే. వెనక్కి తిప్పితే ఎవరిదో పోయిన నెల సరుకుల చీటీ ఉంటుంది, కందిపప్పు రెండు కేజీలు అని మొదలవుతుంది. అది నీకు పంపుతున్న పార్సిల్ లిస్టనుకుని ఆశపడకు.

కొట్టంటే ఏ కొట్టో చెప్పలేదు కదూ. బ్రాడీపేటలో మీ సందు చివర కొట్టేరా! చిన్నప్పుడు మీ అమ్మీ చీటీ ఇచ్చి పంపితే, మిగిలిన చిల్లరకి పిప్పర్మెంట్లు కొనేసి, ఇంటికెళ్ళి ధర పెరిగిందని చెప్పేవాడివే, ఆ కొట్టు. ఆగస్టు నుంచి నేను బల్లకి అవతలి పక్కన నిలబడుతున్నా. పొద్దున కాలేజీ, సాయంత్రం ఐదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా కొట్టు, ఆదివారం మాత్రం పొద్దున్నే. నెలకి ఆరు వేలు. ఫైనలియర్ ఫీజుకి నాన్నని అడగక్కర్లేకుండా ఉంది, అది చాలు.

బీకామ్ కుర్రాణ్ణి కదా, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బిల్లులు కొట్టిస్తారనుకున్నా. శెట్టిగారు నా మొహం చూసి, ఏం మాట్లాడకుండా రేకు చేట ఒకటి చేతిలో పెట్టారు. "ముందు తూచడం రానీ" అన్నారు. తూచడంలో ఏముంది రావడానికి, అంకెలు అవే పడతాయి కదా అనుకున్నా. నెల పట్టిందిరా.

కాటా మీద ఖాళీ కవరు పెట్టి, అంకె సున్నాకి తెచ్చుకుని, పప్పు పోయడం మొదలుపెడతాం. తొమ్మిది వందల అరవై దాకా ధారగా పోయొచ్చు. అక్కణ్ణుంచి చేట వంచకూడదు, మణికట్టు మాత్రమే ఆడించాలి. గింజలు నాలుగు నాలుగు చొప్పున రాలాలి. సరిగ్గా వెయ్యి మీద ఆపావనుకో, లెక్క ప్రకారం తప్పు లేదు, కానీ ఎదురుగా ఉన్నావిడ మొహంలో ఏదో లోటు కనబడుతుంది. వెయ్యీ నాలుగో వెయ్యీ అయిదో పడిందా, తల ఊపి సంచి తెరుస్తుంది. పాత తక్కెడలో పళ్ళెం కిందికి దిగితే మొగ్గు కంటికి కనబడేదట. ఇప్పుడు అంకె తప్ప ఏమీ కనబడదు. అయినా కొసరు అడగడం ఎవరూ మానలేదు. "ఇంకో నాలుగు గింజలు వెయ్యి నాయనా, నీ సొమ్మేం పోయింది" అంటుంది పొడుగు జడ మామ్మగారు. నేను వేసేస్తా. మొదటి వారంలో శెట్టిగారు రాత్రి షట్టర్ దించుతూ అడిగారు, "రోజుకి రెండొందల తూకాలు, తూకానికి అయిదు గ్రాములు, ఎంతయింది?" కేజీ. రోజూ ఒక కేజీ పప్పు గాల్లో కలిపేస్తున్నానన్నమాట. బీకామ్‌లో కాస్ట్ అకౌంట్స్ చెప్పినాయన ఇంత సూటిగా చెప్పలేదు. కానీ చూడు, అదే మనిషి, సంచీ పట్టుకుని పిల్లలెవరన్నా వస్తే చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టకుండా పంపడు. అది ఏ లెక్కలో రాసుకుంటాడో నేనింకా అడగలేదు.

బెల్లం సంగతి వేరే కథ. వానాకాలమంతా అచ్చు చెమట పట్టినట్టు తడి కారుతుంది, చేతికంటుకుంటుంది, కాటాకంటుకుంటుంది. చింతపండు అంతకన్నా ఘోరం. అరకేజీ అడిగితే చెయ్యి పెట్టి లాగినప్పుడు ముప్పావు వస్తుంది, తుంచబోతే పావు వస్తుంది. వీటి జోలికి కొత్తవాణ్ణి పంపడం శెట్టిగారికి సరదా.

నీకు చెప్పాల్సిన అవమానం ఒకటి జరిగింది. సెప్టెంబర్లో ఒకావిడ వచ్చి, ఇంట్లో పదిమందికి భోజనాలున్నాయి, ఏడాది పాత బియ్యం ఇవ్వమంది. బీపీటీయే కావాలంది. ఆ రకం మన బాపట్లలో పుట్టింది, అందుకే ఆ పేరు, తెలుసా? నాకు కొట్లో చేరాకే తెలిసింది. గోడవారగా రెండు వరసల బస్తాలు, రెంటి మీదా ఒకటే బొమ్మ. నేను తెలిసినట్టు ముందు వరసలోది లాగి అయిదు కేజీలు తూచి ఇచ్చేశా. అది వేసవి పంట బియ్యం. మర్నాడు సాయంత్రం కొట్టు కిటకిటలాడుతున్న టైములో ఆవిడ స్టీలు టిఫిన్ బాక్సు తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల అన్నం. అన్నమంటే అన్నం కాదు, కేకు. గరిటెతో కోస్తే ముక్కలొస్తుంది. "ఇది నువ్వు తిను" అంది నాతో. పదిమంది చూస్తున్నారు. శెట్టిగారు మాట్లాడకుండా ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసి, అయిదు కేజీల పాత బియ్యం తూచి ఆవిడ సంచిలో పోశారు. డబ్బు తీసుకోలేదు. నన్నొక్క మాట అనలేదు. అంటే బావుండేది. ఆ రాత్రి రెండు బస్తాల్లోంచీ చారెడు చారెడు నా అరచేతుల్లో పోసి చూపించారు. పాతది కాస్త పసుపు పొడ, కొరికితే టక్‌మంటుంది. కొత్తది తెల్లగా, పంటి కింద మెత్తగా నలుగుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను. కావాలంటే సెలవుకొచ్చినప్పుడు పందెం.

ఇంకో విచిత్రం. ఈ బియ్యం బస్తాలు ఇరవై అయిదు కాకుండా ఇరవై ఆరు కేజీలు ఎందుకుంటాయో ఎప్పుడన్నా ఆలోచించావా? నేనూ లేదు. 2022 జులైలో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద అయిదు శాతం జీఎస్టీ పెట్టారు, ఇరవై అయిదు కేజీల దాకా. దాటితే లేదు. అంతే, మిల్లులు ఒక కేజీ కలిపేశాయి. కేజీ తెలివి! దేశమంతా మోస్తున్న ఆ ఒక్క కేజీ బరువు సాయంత్రాలు నా భుజం మీదే ఉంటుంది.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. సెప్టెంబర్ 22న రేట్లు తగ్గాయి కదా, సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, బిస్కెట్లు పద్దెనిమిది నుంచి అయిదుకి. ఆ వారం కొట్లో జరిగింది యుద్ధం. పాత రేటు అచ్చేసిన సబ్బు పట్టుకుని ఒకరు, "టీవీలో తగ్గిందన్నారు, నువ్వెందుకు తగ్గించవు" అంటే ఇంకొకరు. తగ్గించే ఇస్తున్నామండీ అని బిల్లు చూపించినా నమ్మరు, ప్యాకెట్ మీద అంకె మారలేదు కదా. ఒక తాతగారు లూజు కందిపప్పు మీద కూడా తగ్గించమని కూర్చున్నారు. లూజు పప్పు మీద అసలు పన్నే లేదు తాతగారూ, లేనిది ఎలా తగ్గుతుంది అన్నా. "అందుకే తగ్గించమంటున్నా, నీకేం నష్టం లేదుగా" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుంటే రాయి.

మొన్న మొంథా తుఫాను రోజుల గురించి అమ్మీ చెప్పే ఉంటుంది. తీరం దాటింది అక్టోబర్ 28 రాత్రి నరసాపురం వైపు, కానీ 27 సాయంత్రానికే మా కొట్టు ఖాళీ. మొదట పోయినవి పాలప్యాకెట్లు, తర్వాత బ్రెడ్డు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. ఏడాదిగా కదలని కొవ్వొత్తుల డబ్బా గంటలో అయిపోయింది. ఆ రాత్రి నేనూ శెట్టిగారూ కలిసి కింది వరస బస్తాలన్నీ చెక్కల మీదికి ఎక్కించాం. పప్పులకీ పంచదారకీ చెమ్మ తగిలితే అంతే సంగతులు. కరెంటు పోయింది, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని మోశా. నువ్వుంటే సగం నువ్వు మోసేవాడివి. ఇప్పుడైతే మొత్తం నువ్వే మోసేవాడివి, ట్రైనింగులో కండలు వచ్చుంటాయిగా.

తుఫాను పోయేసరికి కార్తీకం హడావుడి. పౌర్ణమికి ముందు రోజు మూడొందల అరవై అయిదు వత్తుల కట్ట కోసం ఒకావిడ వచ్చి, లెక్క సరిగ్గా ఉందో లేదో లెక్కపెట్టి ఇవ్వమంది. వెనకాల పాతికమంది. మొదలుపెట్టా. రెండొందల పన్నెండు దగ్గర ఫోన్‌పే పెట్టె ఎవరివో ఎనభై రూపాయలు వచ్చాయని గట్టిగా అరిచింది, లెక్క తప్పిపోయింది. ఆవిడే జాలిపడి పోనీలే అని పట్టుకెళ్ళింది.

ఆ పెట్టె గురించి ఒకటి గమనించా. కొందరు ఫోన్‌లో డబ్బులుండి కూడా నోట్లే ఇస్తారు. ఎందుకంటే, ఆ పెట్టె ఎంత కొన్నారో వీధికంతా చెబుతుంది. నలభై రూపాయల సరుకు తీసుకున్నానని అందరికీ ఎందుకు తెలియాలి? నిజమే కదా. అప్పు పుస్తకం నయం, నోరు మెదపదు.

ఆ ఖాతా పుస్తకం చూడాలిరా నువ్వు. అట్ట చిరిగి గోనె దారంతో కుట్టి ఉంటుంది. పేజీకో ఇల్లు. అసలు పేర్లుండవు. "పోస్టాఫీసు మేష్టారు", "మేడ మీద నర్సమ్మ", "రెండు కుక్కల వాళ్ళు". మూడు నెలల్లో నాకు ఇంటింటి సంగతీ తెలిసిపోయింది. ఓట్స్ మొదలైతే ఆ ఇంట్లో ఎవరికో షుగర్ వచ్చినట్టు. నూనె కేజీ నుంచి పావుకి దిగితే పని పోయినట్టు. శనగపిండి, నెయ్యి, జీడిపప్పు ఒకే చీటీలో వస్తే అల్లుడు వస్తున్నట్టు.

మీది నలభై ఒకటో పేజీ. "బాషా వాళ్ళమ్మ" అని ఉంటుంది. నువ్వు వెళ్ళకముందు ఆ పేజీలో ఖాళీ లేదు, రెండ్రోజులకో పద్దు. పావుకేజీ నూనె, టీపొడి చిన్న ప్యాకెట్, గుడ్లు ఆరు, గుడ్లు ఆరు, మళ్ళీ గుడ్లు ఆరు. (నువ్వేరా అవన్నీ తిన్నది.) ఇప్పుడు నీ ఇరవై ఒక్క వేల జీతంలో నువ్వు పంపేది అందగానే ఒకటో తారీఖున వచ్చి రొక్కం ఇచ్చి తీసుకెళుతోంది. పాత బాకీ మొత్తం సెప్టెంబర్లోనే తీర్చేసింది. శెట్టిగారు పేజీ కొట్టేయబోతే, "ఉంచండి, వాడొస్తే కావాల్సొస్తుంది" అంది. అయితే చీటీ సగమైపోయిందిరా. పంచదార సగం, టీపొడి సగం. గుడ్ల మాటే లేదు. నేను చేరిన వారంలో నా భుజం మీద మోసుకెళ్ళి మీ వంటింట్లో దించిన బస్తా ఇంకా సగముందట. "ఒక్కదాన్ని ఎంత తింటాన్రా" అంటుంది. నిన్న నేనే ఆరు గుడ్లు సంచిలో పెట్టేశా. తిట్టింది కానీ తీసి ఇవ్వలేదు. ఫోన్లో నేను చెప్పానని అనకు. మిషను కుట్టు పని బాగానే ఉంది, దసరాకి జాకెట్లు చాలా వచ్చాయట. మోకాలు నొప్పి గురించి నీకు చెప్పొద్దంది, కాబట్టి నేను చెప్పలేదు.

పార్సిల్ సంగతికి వద్దాం. పోయిన వారం అమ్మీ వేరుశనగ గుళ్ళు కేజీ, నువ్వులు అరకేజీ, బెల్లం కేజీ తీసుకుంది. నీకు ఉండలు చేసింది. కరివేపాకు కారం కూడా దంచింది. అక్కడ తినే వస్తువులు లోపలికి రానిస్తారో లేదో ముందు కనుక్కుని చెప్పు. అన్నీ డబ్బాల్లో సర్ది ఇవాళ పొద్దున కొట్టుకి తెచ్చి మా కాటా మీదే పెట్టింది. మూడు కేజీల ఆరొందల నలభై. అయిదు దాటితే పోస్టు ఖర్చు ఎక్కువవుతుందని ఆవిడ పట్టు. అంటే ఇంకా కేజీ మూడొందల అరవై చోటుంది. శెట్టిగారు అది విని ఏం మాట్లాడకుండా పావుకేజీ జీడిపప్పు తూచి పక్కన పెట్టారు. రెండొందల యాభై అయిదు పడింది, ఆపలేదు, చూశా.

ఇక మిగిలింది కేజీ నూరు చిల్లర. ఏం కావాలో వచ్చే ఆదివారం అమ్మీకి చెప్పు, సోమవారం పోస్టులో వేసేస్తా. ఉల్లిపాయలు మాత్రం అడక్కు. మా కొట్లో బస్తాలన్నీ నీ నాసిక్ నుంచే వస్తున్నాయి.

నీ,
సుబ్బుగాడు