మాస్టారి సంచీ ఎవరికి అప్పగించాలి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా మాస్టారు పోయి నేటికి ఇరవై రెండు రోజులు. తెల్లవారుజామున ధర్మవరంలో పుట్టపర్తి బస్సు కోసం నిలబడి, నిలబడ్డచోటే కుప్పకూలారు. గుండెపోటు అన్నారు. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. ముందురోజు రాత్రి నాతో ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఆయన భుజాన ఉన్న గుడ్డ సంచీ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఈ లేఖ దాని గురించే.

ఆయన కళాకారుడు కాదు, లెక్కల మాస్టారు. పదవీ విరమణ తర్వాత వారానికి రెండు మూడుసార్లు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వెళ్లి తోలుబొమ్మల వాళ్ల మధ్య కూర్చునేవారు. ఆ ఊరి గురించి మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. మన తోలుబొమ్మలకు 2008లో, ఇవి ఈ ప్రాంతానివే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. 2020లో అక్కడి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. అందరం గర్వపడ్డాం. ఆ తర్వాత ఎవరింట్లో పొయ్యి వెలుగుతోందో, ఎవరి గుర్తింపు కార్డు గడువు తీరిపోయిందో చూసుకున్నది మాత్రం మాస్టారే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన మా పిల్లలందరినీ ఒక ఆటకు తీసుకెళ్లారు. తెల్లటి తెర మీద మనిషెత్తు హనుమంతుడు ఎర్రగా, పచ్చగా వెలుగుతూ లంకలో దూకుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాం. కాసేపటికి ఆయన మమ్మల్ని లేపి తెర వెనక్కి నడిపించారు. అక్కడ ఒక ముసలమ్మ సీత బొమ్మ వెదురుబద్దను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఆ బొమ్మ చెయ్యి ఆడిస్తూ, గొంతెత్తి పద్యం పాడుతోంది. ఆమె కాలికింద చెక్క. యుద్ధం ఘట్టం రాగానే ఆ చెక్కను దడదడమని తొక్కేది. మేకతోలులో ఉలితో కొట్టిన ఒక్కొక్క తూటులోంచి దీపం వెలుగు చుక్కలు చుక్కలుగా ఆమె ముఖం మీద పడేది. ఆ ముఖాన్ని నేను మరచిపోలేదు. మాస్టారు మాకు చూపించాలనుకున్నది ఆ ముఖమే అని చాలా ఏళ్లకు అర్థమైంది.

ఇప్పుడు రాత్రంతా ఆడించేవాళ్లు తగ్గిపోయారు. అదే తోలుతో దీపాలకు గొడుగులు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు, కడుపు నిండాలి కదా. కానీ గొడుగు మీద రాముడు మాట్లాడడు. ఆ మాట, ఆ పాట పెద్దవాళ్ల గొంతుల్లోనే ఉన్నాయి. మాస్టారు వాటిని తన ఫోనులో రికార్డు చేసుకునేవారు. ఆ ఫోను తెరిచే అంకెలు ఇంట్లో ఎవరికీ తెలియవు. ఆయన భార్య రోజూ దాన్ని చార్జింగుకు పెట్టి, మళ్లీ తీసి పక్కన పెడుతున్నారు.

2022లో జిల్లాలు మారాక కళాకారుల తిప్పలు పెరిగాయి. పాత కార్డు మీద అనంతపురం అని ఉంటుంది, ఇప్పటి జిల్లా కేంద్రం పుట్టపర్తి. ఒక కార్యాలయంలో అక్కడికి వెళ్లమంటారు, అక్కడ ఇక్కడికి రమ్మంటారు. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, బయట తెలుగు, దరఖాస్తులో మరేదో భాష. అది వాళ్లకు పరాయిదే. మాస్టారు ఒక్కొక్కరి పక్కన కూర్చుని చదివి వినిపించి, రాసిపెట్టి, తానే పట్టుకెళ్లేవారు. బస్సు చార్జీ కూడా ఎవరినీ అడిగేవారు కాదు.

అయ్యా, ఆయన పేరున సభ పెడతామని, శిలాఫలకం వేయిద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు. మీరు మాత్రం జిల్లాలో ఒక మనిషిని నియమించండి. నెలకు రెండుసార్లు ఆ ఊరికి వెళ్లి, వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని కాగితాలు రాసిపెట్టే మనిషిని. పాడగలిగిన పెద్దవాళ్లు ఉండగానే పూర్తి ఆటలను, తెర వెనక పాటతో సహా, ఒక్కొక్కటిగా రికార్డు చేయించండి. వానాకాలం గడిచాక చేద్దామని వాయిదా వేయకండి. మాస్టారు కూడా వచ్చే నెల నుంచి ఆ ఊళ్లోని ఒక పెద్దాయన పాటలు రికార్డు చేయడం మొదలుపెడదామని అనుకున్నారు.

సంచీలో మూడు పింఛను దరఖాస్తులున్నాయి. ఫొటోలు అంటించి ఉన్నాయి. రెండింటి మీద సంతకాలు, ఒకదాని మీద వేలిముద్ర. ఆ వేలిముద్ర ఆనాడు సీతను ఆడించిన ముసలమ్మది. వచ్చే సోమవారం నేను సెలవు పెట్టి పుట్టపర్తి వస్తున్నాను. వీటిని ఎవరి చేతికి ఇవ్వాలో దయచేసి చెప్పించండి.

ఇట్లు,
మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్న ఒక విద్యార్థిని,
ధర్మవరం