మాతో మేలుకొని ఉన్నవాళ్లకు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మా ఆయనకు డయాలసిస్ మొదలుపెట్టి ఈ నెలతో 14 నెలలు. ఇన్నాళ్లూ ఎవరికీ సరిగా థాంక్స్ కూడా చెప్పలేదు. ఎదురుపడితే మాట రాక కళ్లనీళ్లు వచ్చేస్తాయి. అందుకే రాస్తున్నాను.

మేము ప్రకాశం జిల్లా నుంచి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఉండేది కె.ఆర్.పురంలో. ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసిన రోజు నుంచి నేను ఒక్కటే అడిగాను, ఆ మిషన్ దాకా పోనివ్వకు ప్రభువా అని. 21 రోజులు ఉపవాసం ఉన్నాను. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ముందు ప్రార్థన చేసుకుని, తర్వాతే కవరు తెరిచేదాన్ని. అంకె పెరుగుతూనే పోయింది. నా కిడ్నీ ఇద్దామంటే ఆయనది ఓ పాజిటివ్, నాది బి పాజిటివ్. అత్తయ్యగారి గ్రూపు కలిసింది గానీ షుగర్ ఉందని డాక్టర్లు ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్లు దానం చేసిన అవయవాలు ఇప్పించే కర్ణాటక సంస్థ జీవసార్థకతెలో పేరు రాయించి ఎదురుచూస్తున్నాం. వారానికి మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీదే.

ఆ రోజుల్లో "దేవుని చిత్తం, ఒప్పుకోమ్మా" అన్నవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చేది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఆ మాట కష్టంలో ఉన్నవాళ్ల నోట రావాలి గానీ, చూడ్డానికి వచ్చినవాళ్లు తొందరపడి అనకూడదు. మా సంఘంలో ఒక పెద్దాయన మాత్రం ఆ మాట అనలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, మత్తయి 26వ అధ్యాయం తీసి చేతికిచ్చి, "గెత్సేమనేలో యేసయ్య ఎన్నిసార్లు అడిగాడో లెక్కపెట్టమ్మా" అన్నారు. సిలువకు ముందు రాత్రి ఆ తోటలో మూడుసార్లు. మొదటిసారి, సాధ్యమైతే ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, తొలగిపోనిమ్మన్నాడు, అయినా నా ఇష్టం కాదు నీ చిత్తమే అన్నాడు. రెండోసారి, నేను తాగితేనే గాని ఇది తొలగదంటే నీ చిత్తమే సిద్ధించును గాక అన్నాడు. "చూశావా, అడగడం తప్పయితే ఆయన అడిగేవాడా? ఆయనే మళ్లీ మళ్లీ అడిగాడు. నువ్వు నిదానంగా రా" అన్నారు. తాతగారూ, ఆ "నిదానంగా రా" అన్న మాట నన్ను నిలబెట్టింది.

నీ చిత్తమే అనడానికి నాకు చాలా నెలలు పట్టింది. డయాలసిస్ వాళ్లు నీళ్లు కొలుచుకుని తాగాలి. మా ఆయనకు రోజంతా కలిపి లీటరు లోపే. టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోనే. అందుకని చిన్న స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకున్నారు. ఏప్రిల్‌లో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, గ్లాసు అడుగున మిగిలిన గుక్కెడు నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు అలాగే ఉంచుకున్నారు. తర్వాత మింగి "స్తోత్రం" అన్నారు. అంతే. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆ రాత్రి నా ప్రార్థన మారింది. బాగుచెయ్యమని అడగడం మానలేదు, ఇప్పటికీ రోజూ అడుగుతున్నాను. దాని వెంట "నీ చిత్తమే ప్రభువా" అన్న మాట కూడా వచ్చింది. పైకి అనడం కాదు, లోపల్నుంచే వచ్చింది.

గెత్సేమనే తోటలో యేసయ్యకు ఆ గిన్నె తొలగలేదు గానీ, బలపరచడానికి పరలోకం నుంచి ఒక దూత వచ్చాడని లూకా రాశాడు. దూత వచ్చాక కూడా యేసయ్య వేదనపడి మరింత ఆతురంగా ప్రార్థించాడని ఆ తర్వాతి వచనంలోనే ఉంది. ఇది చదివాక మీరంతా గుర్తొచ్చారు. మీరు వచ్చినందువల్ల మా కష్టం పోలేదు. కానీ తనతో మేలుకొని ఉండమని యేసయ్య అడిగినా ఆయన శిష్యులు నిద్రపోయారు, మీరు నిద్రపోలేదు.

మారతహళ్లి బ్రదర్, మా డయాలసిస్ ఉదయం ఆరింటి షిఫ్టని తెల్లవారుజామున ఐదింటికల్లా కారుతో మా గేటు ముందుంటారు. హారన్ కూడా కొట్టరు, పిల్లలు లేస్తారని. మీకు పాప పుట్టిన వారంలో కూడా తమ్ముణ్ణి పంపారు. యూత్ పిల్లలూ, మీరు కారల్స్‌కు తిరిగి పోగుచేసిన కానుక డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపే ఆయన ఫిస్టులా ఆపరేషన్‌కు ఇచ్చారు. పాస్టరమ్మగారూ, మా పిల్లలు మీ ఇంట్లో హోంవర్క్ చేసుకుని, అన్నం తిని వచ్చిన సాయంత్రాలు నేను లెక్కపెట్టలేను.

పక్కింటి కన్నడ ఆంటీ గురించి కూడా చెప్పాలి. ఆవిడ చర్చికి వచ్చేవారు కాదు, రోజూ దీపం పెట్టుకునే మనిషి. మొదట్లో ఆయన కోసం ఎళనీరు తెచ్చారు. ఇక్కడ ఎవరికి బాగోలేకపోయినా కొబ్బరిబొండాం తేవడం అలవాటు కదా. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పేషెంట్లు తాగకూడదని చెబితే ఎంత బాధపడ్డారో. మర్నాటి నుంచి కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు వంచేసి, ఉప్పు తగ్గించి విడిగా కూర చేసి పంపిస్తున్నారు. ఆంటీ, మీకు తెలుగు చదవడం రాదు, ఇది నేనే వచ్చి చదివి వినిపిస్తాను.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ మా ఇంట్లోనే భోజనం. ఆయన సాక్ష్యం చెబుతానంటున్నారు. ఓపిక ఉన్నంతసేపే చెప్పమన్నాను. ఆయనకు వేరే వండుతాను గానీ మీకు గోంగూర పచ్చడి, కోడికూర ఉంటాయి. తప్పకుండా రండి.