సీరియల్‌లో చెత్త అక్షరాలు: వైరు కాదు, క్లాక్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ఇంజనీరింగ్ ప్రాజెక్టుల మీద వచ్చిన వ్యాసం, రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు జీపీఎస్ మాడ్యూల్ తగిలించినప్పుడు చెత్త అక్షరాలు కనిపిస్తే వైర్లు మార్చమంది, అప్పటికీ పోకపోతే బోర్డే మార్చమంది. వైర్ల సంగతి సరే. బోర్డు మార్చడానికి ముందు చూడాల్సింది ఒకటుంది.

ఆ బోర్డులో సీరియల్ పోర్టులు (డేటాను ఒక్కో బిట్‌గా పంపి, అందుకునే దారులు) రెండు. వాటిలో మెరుగైన పీఎల్011ను బ్లూటూత్‌కు ఇచ్చేశారు. బయటి పరికరాలు తగిలించే జీపీఐఓ 14, 15 పిన్నులకు మిగిలింది మినీ యూఏఆర్‌టీ అనే రెండో పోర్టు. దీనికి సొంత క్లాక్ (పని వేగాన్ని నడిపించే లయ సంకేతం) లేదు, గ్రాఫిక్స్ వైపు కోర్ క్లాక్ మీదే బతుకుతుంది. కోర్ క్లాక్‌ను 8తో, ఆపైన రిజిస్టర్‌లోని (చిప్‌లో సెట్టింగ్ దాచే చోటులోని) అంకెకు 1 కలిపి దాంతో భాగిస్తే బాడ్ రేటు, అంటే సెకనుకు వెళ్లే బిట్లు. కోర్ 250 మెగాహెర్ట్జ్, రిజిస్టర్ 270 అయితే 1,15,314 వస్తుంది. కావలసిన 1,15,200కి ఇది చాలా దగ్గర. రిజిస్టర్ అలాగే ఉండి కోర్ 400కి ఎక్కితే రేటు 1,84,502కి పోతుంది. 9,600 మీద మాట్లాడే జీపీఎస్‌ను ఇటు 15,360 దగ్గర వింటుంటే అక్షరం అక్షరంలా ఎలా ఉంటుంది?

లినక్స్‌లో ఆ పోర్టును నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, దీన్ని ఎందుకు సరిచేసుకోదంటే, అది మొదలయ్యేటప్పుడు క్లాక్ రేటు ఒక్కసారి అడిగి రాసిపెట్టుకుంటుంది. రేటు మారుతోందని వాడుకునే డ్రైవర్లకు చెప్పే ఏర్పాటు లినక్స్ గుండె అయిన కెర్నెల్‌లో ఉన్నమాట నిజమే. కానీ ఇక్కడ కోర్ క్లాక్ రేటు మార్చేది కెర్నెల్ కాదు, బోర్డు సొంత ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్. డ్రైవర్‌కు కబురే అందదు.

'వీసీజెన్‌సీఎండీ మెజర్_క్లాక్ కోర్' అన్న కమాండ్‌ను బోర్డు ఖాళీగా ఉన్నప్పుడొకసారి, వీడియో ఆడుతుండగా ఒకసారి కొట్టండి. అంకె మారిందా, రోగం దొరికినట్టే. కాన్ఫిగ్ ఫైల్‌లో 'ఎనేబుల్_యూఏఆర్‌టీ=1' రాస్తే కోర్ 250 దగ్గర ఆగిపోతుంది, గ్రాఫిక్స్ కొంత మందగిస్తుంది. బ్లూటూత్ అక్కర్లేదనుకుంటే 'డీటీఓవర్లే=డిజేబుల్-బీటీ' ఇంకా మేలు. 48 మెగాహెర్ట్జ్ వేరే క్లాక్ మీద నడిచే పీఎల్011 అప్పుడు ఆ పిన్నులకే వస్తుంది. కమాండ్‌లైన్ ఫైల్‌లో 'కన్సోల్=సీరియల్0,115200' ఉంటే దాన్నీ తీసేయాలి, లేదంటే కెర్నెల్ తన సందేశాలన్నీ జీపీఎస్ వైపు పంపుతుంది.

క్లాకులన్నీ కెర్నెల్ చేతిలోనే ఉండే బోర్డుల్లో తిప్పలు ఇంకో రకం. బూట్ చివర్లో, ఎవరూ అడగని క్లాకులను కెర్నెల్ ఆపేస్తుంది. కెర్నెల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ వెలిగించిన డిస్‌ప్లే టప్పున ఆరిపోతుంది. ఆగింది చిప్ భాగాలను కలిపే దారి (బస్) తాలూకు క్లాకో అయితే, ఆ తర్వాత మొదటి రిజిస్టర్ చదవగానే బోర్డు ఒక్క ఎర్రర్ లైనైనా రాయకుండా బిగుసుకుపోవచ్చు. దీనికి, వాడని క్లాకులనూ ఆపొద్దని చెప్పే 'సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్డ్' అని బూట్ లైనుకు చేర్చి ప్రాజెక్టు సబ్మిట్ చేసేవారు చాలామంది. అది పరీక్ష మాత్రమే, మందు కాదు. దాంతో బోర్డు లేస్తే తప్పు క్లాకుల్లో ఉందని తెలుస్తుంది, అంతే. తర్వాత కెర్నెల్ లోపలి వివరాలు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో క్లాకుల జాబితా సీఎల్‌కే_సమ్మరీ తెరిచి, ఎనేబుల్ కౌంట్ (ఎందరు నడపమన్నారన్న లెక్క) 0 ఉన్న వరుసల్లో మన పరికరానికి చెందినవి వెతకాలి. దొరికిన క్లాక్‌ను డివైస్ ట్రీలో (బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే ఫైల్) ఆ పరికరం నోడ్‌లో రాసి, డ్రైవర్‌లో క్లాక్‌ను నడిపించే సీఎల్‌కే_ప్రిపేర్_ఎనేబుల్ ఫంక్షన్ పిలవాలి. అన్నిటికీ క్రిటికల్ ముద్ర కొట్టడం బద్ధకం. అవి ఇక ఎప్పటికీ ఆగవు, బ్యాటరీ తినేస్తాయి.

క్లాక్ అడిగినప్పుడు మైనస్ 517 తిరిగొస్తే అది వైఫల్యం కాదు. క్లాక్ డ్రైవర్ ఇంకా రాలేదు, తర్వాత మళ్లీ రమ్మని అర్థం. మన డ్రైవర్ ఆ అంకెను ఉన్నదున్నట్టు పైకి పంపితే కెర్నెల్ తనే మళ్లీ పిలుస్తుంది. దాన్ని మింగేసి వేరే ఎర్రర్ పంపితే ఇక పిలవదు.

– ఒక ఎంబెడెడ్ ఇంజనీర్, హైదరాబాద్